మూడో వంతు

కోళిక్కోడ్,
20 జనవరి 1992

లిల్లిక్కుట్టీ,

నేను కుదిర్చిన పెళ్ళి జరిపించి తిరిగొచ్చాను గానీ మనసింకా మణిమలలోనే ఉంది. డెబ్బై దాటిన మా అప్పచ్చన్ చర్చిలో పెళ్ళికొడుకై నిలబడి, శారామ్మ టీచర్ మెడలో మిన్ను తాళి కట్టబోతే ముడి పడలేదు. మంత్రకోడి పెళ్ళిచీరలోంచి లాగిన ఆ దారాన్ని నువ్వు వెనకనుంచి అందుకుని ముడి బిగించావు చూడు, దాన్ని ఎప్పటికీ మర్చిపోను. అది పెళ్ళికొడుకు అక్కచెల్లెళ్ళ పని. అప్పచ్చన్‌కి వాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి కూతురిగా నేను చెయ్యాల్సింది. నేనేమో బయట మెట్ల మీద మా తమ్ముడు బేబిచ్చన్‌తో తగువులో ఉన్నాను.

"ఈ వయసులో ఆయనకి పెళ్ళేంటి చేచీ? ఊళ్ళో తలెత్తుకోగలనా?" అన్నాడు వాడు.

"నువ్వు తలెప్పుడు ఎత్తావురా? పదో తరగతి ఫలితాలప్పుడు దించినవాడివి!" అన్నాను.

ముప్ఫై ఏళ్ళవాడి భార్య పోతే నలభయ్యో రోజు విందు కూర తినేటప్పుడే సంబంధాలు మాట్లాడతారు మనవాళ్ళు. డెబ్బై ఏళ్ళవాడు ఒంటరిగా ఉన్నాడంటే మాత్రం ప్రార్థన పుస్తకం చేతికిస్తారు. ఇక ఆడదైతే ఆ పుస్తకం కూడా తనే కొనుక్కోవాలి. మా జోయిచ్చన్ పోయిన దగ్గర్నుంచీ నిన్ను ఎవరు ఏమన్నారో, ఏమనకుండా వదిలేశారో నాకు తెలుసు. పిల్లల్లేని వితంతువుకి పుట్టింట్లో చాప, అత్తింట్లో వసారా. అంతకుమించి ఏ చర్చీ ఆలోచించలేదు.

అందుకే అప్పచ్చన్ రాసిన ఆ వీలునామా తల్చుకుంటే నాకు గర్వం. బేబిచ్చన్‌కి టౌన్లో కొట్లు ఎప్పుడో రాసిచ్చేశారు. నా వాటా నేను పోట్లాడి తీసుకున్నాను. మిగిలిన ఇల్లూ, ఇంటి చుట్టూ రబ్బరు తోటా నీకు. రిజిస్ట్రారు ముందు అప్పచ్చన్ గొంతు పెంచి "నా కోడలికి" అన్నప్పుడు గుమాస్తా కూడా తలెత్తి చూశాడు. వచ్చేనెల ఇక్కడ మహిళా సంఘం సభలో నేను మాట్లాడేది దీని గురించే. కుటుంబానికి ముందుచూపంటే ఏమిటో మనింటిని చూపించి చెబుతాను. రాయండి, రిజిస్టరు చేయించండి, బీరువాలో పెట్టి నిశ్చింతగా నిద్రపోండి అని.

కొత్తత్తగారితో వంటింట్లో సర్దుకుంటున్నావా? రాయి.

నీ చేచి,
శోశామ్మ


మణిమల,
2 ఫిబ్రవరి

ప్రియమైన చేచికి,

వంటింట్లో యుద్ధం మొదలైంది. చేపల కూరలో కుడంపులి ఎన్ని రెబ్బలు వెయ్యాలన్నది తగువు. టీచర్ పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి కదా, చేప తూకాన్ని బట్టి పులుపు అంటారు. నేను చెయ్యి చెప్పినట్టు వేస్తాను. అప్పచ్చన్ రెండు కూరలూ కలిపి వడ్డించుకుని, "ఇన్నేళ్ళకి ఇంట్లో ప్రతిపక్షం వచ్చింది" అంటున్నారు.

ఆవిడ మంచావిడే. కాకపోతే కూర్చున్నచోట కూర్చోనివ్వరు. రబ్బరు షీట్లు ఆరేసే తాడు వదులుగా ఉందని తనే స్టూలెక్కి బిగించారు. పడతారని నేను కేకేస్తే, "అమ్మాయీ, నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టినదాన్ని, తాడుని కూర్చోబెట్టలేనా?" అన్నారు.

ఒక వింత చెప్పాలి. ఆదివారం బేబిచ్చాయన్ వచ్చారు. పెళ్ళికి మొహం మాడ్చుకున్న మనిషి అచ్చప్పాల డబ్బా పట్టుకుని నవ్వుతూ వచ్చారు. ఇల్లంతా తిరిగి చూశారు. పైకప్పు పెంకులు మార్పించాలి అన్నారు. వెళ్తూ వెళ్తూ నాతో, "మీ చేచికి నా థాంక్స్ చెప్పు. ఆవిడ చేసిన మేలు మా వకీలు చెప్పేదాకా నాకు అర్థం కాలేదు" అన్నారు. కోపం కరిగిందనుకుంటాను. నాకైతే కళ్ళు చెమర్చాయి. మీరు కూడా ఆయనకి ఒక మంచి ఉత్తరం రాయకూడదా?

సభలో బాగా మాట్లాడండి. నా పేరు మాత్రం చెప్పకండి.

మీ
లిల్లిక్కుట్టి


కోళిక్కోడ్,
24 ఫిబ్రవరి

లిల్లీ,

కూర్చుని చదువు. టీచర్ పక్కన లేనప్పుడు చదువు.

సభలో నేను మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. నా తర్వాత మాట్లాడాల్సిన వకీలు ఒకావిడ, నా క్లాస్‌మేటే, మైకు పట్టుకోకుండా నా కుర్చీ దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది. "వీలునామా రాసింది ఎప్పుడు, పెళ్ళయింది ఎప్పుడు?" చెప్పాను. "అయితే ఆ వీలునామా లేదు శోశా" అంది.

లేదు అంటే ఏమిటే అన్నాను. బీరువాలో ఉంది కదా? సంతకం ఉంది, సాక్షులున్నారు, సర్కారు ముద్ర ఉంది!

"పెళ్ళి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా దానంతటదే రద్దయిపోతుంది. మన క్రైస్తవులకి చట్టం అంతే" అంది.

నేను నమ్మలేదు. వాళ్ళింటికెళ్ళి పుస్తకం తెరిపించాను. ఉంది. ఒక్క వాక్యం. ఏ చట్టమనుకున్నావు? కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఉందని సుప్రీంకోర్టు ఏ చట్టం ప్రకారం చెప్పిందో, ఏ తీర్పు కోసం నేను చర్చి గేటు ముందు తిట్లు తిన్నానో, ఆ చట్టమే. నెత్తిన పెట్టుకుని ఊరేగాను. దాని కడుపులో ఏముందో పేజీ తిప్పి చూడలేదు. హిందువులకి ఈ నియమం లేదట. మనకి మాత్రం ఉంది. ఏనాటి ఇంగ్లీషు దొరో, పెళ్ళాడిన మగవాడికి కొత్త భార్య, కొత్త పిల్లలు వస్తారు, పాత మాటలు చెల్లకూడదని అనుకున్నాడు. వాడి ఊహలో డెబ్బై ఏళ్ళ పెళ్ళికొడుకు లేడు. నువ్వసలే లేవు.

ఆ మిన్ను ముడి పడ్డ క్షణాన నీ ఇల్లు పోయింది లిల్లీ. ఆ ముడి బిగించింది నువ్వు.

ఇప్పుడు అప్పచ్చన్‌కి ఏమన్నా అయితే లెక్క ఇది. భార్యకి ఒక వంతు, బేబిచ్చన్‌కి ఒక వంతు, నాకు ఒక వంతు. మూడు సమాన భాగాలు. చనిపోయిన కొడుకు భార్యకి, పిల్లల్లేకపోతే, ఏమీ లేదు. పన్నెండేళ్ళుగా నువ్వు ఆ ఇంట్లో గంజి కాచిందీ, మా అమ్మకి చివరి రోజుల్లో ఒళ్ళు తుడిచిందీ చట్టానికి కనబడవు. బేబిచ్చన్ థాంక్స్ ఎందుకు చెప్పాడో తెలిసిందా? వాడు పెంకులు మార్చేది నీ కోసం కాదు.

కానీ భయపడకు. అప్పచ్చన్ ఉన్నారు, బుర్ర పాదరసంలా ఉంది. కొత్తది రాస్తే అయిపోతుంది. రేపే రాయించు. శారామ్మ టీచర్‌కి మాత్రం ఇప్పుడే తెలియనివ్వకు. మూడో వంతు వచ్చే మనిషి వదులుకోమంటే వదులుకుంటుందా? ఎవరైనా మనిషే కదా.

వెంటనే జవాబు రాయి.

శోశామ్మ


మణిమల,
8 మార్చి

చేచీ,

మీరు చెప్పినట్టు చేశాను. చేసి ఉండకూడదు.

టీచర్ చర్చికి వెళ్ళిన వేళ చూసి అప్పచ్చన్‌తో మాట్లాడాను. వసారాలో కత్తికి సాన పడుతున్నారు. మొదట నవ్వారు. "మీ చేచి ఏదో కొత్త పుస్తకం చదివినట్టుంది" అన్నారు. నిజమేనని చెప్పాక కత్తి పక్కన పెట్టేశారు.

"రిజిస్ట్రారు ముందు నలుగురు వింటుండగా ఇచ్చిన మాట అది. పెళ్ళి చేసుకుంటే నా మాట అబద్ధమైపోతుందా?"

"మాట కాదు అప్పచ్చా, కాగితం."

"నాకు రెండూ ఒకటే. మళ్ళీ రాస్తే మొదటిది చెల్లలేదని నేనే ఒప్పుకున్నట్టు. ఊరంతా ఏమంటుంది? ఈ కుర్యాక్కోస్ మాట పెళ్ళి పీటల మీద జారిపోయింది అనరూ?"

ఆయన అంత అదిరిపోవడం జోయిచ్చాయన్ శవాన్ని తెచ్చిన రోజున చూశాను, మళ్ళీ ఇప్పుడే. ఇంతలో చూస్తే టీచర్ గుమ్మంలో ఉన్నారు. గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చారట. ఎంత విన్నారో తెలియదు. "నేను లేనప్పుడే మాట్లాడుకోవాల్సిన సంగతేనా?" అన్నారు. అప్పచ్చన్ మళ్ళీ కత్తి అందుకున్నారు. నేను వంటింట్లోకి తప్పుకున్నాను. అప్పట్నుంచీ ఆవిడ పులుపు గురించి కూడా నాతో తగువాడడం లేదు. చేప నాకే వదిలేశారు.

నేనిక అడగను చేచీ. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషిని, మీరు పోయాక నా గతేంటి అని ఎన్నిసార్లు అడగను?

లిల్లిక్కుట్టి


కోళిక్కోడ్,
16 మార్చి

లిల్లిక్కుట్టీ,

ఎన్నిసార్లయినా అడగాలి! నీలాంటి మంచివాళ్ళ మౌనం మీదే కదా ఈ కుటుంబాలన్నీ మిద్దెలు కట్టుకున్నది. అడగడానికి సిగ్గుపడే ఆడది ఎగ్గొట్టడానికి సిగ్గుపడని మగాడి కంట్లో పడిందంటే అంతే సంగతులు. నేను సిగ్గుపడలేదు. నా వాటా అడిగానని చర్చిలో నా కుర్చీ వెనక్కి జరిపారు, అయినా ఆపలేదు.

అప్పచ్చన్‌కి నేనే నేరుగా రాశాను. పెద్ద నోంబు ఉపవాసాలు మొదలయ్యాయి కదా, ఈ యాభై రోజులూ చావు కాగితాలు ముట్టుకోను, ఈస్టరు వెళ్ళాక చూద్దాం అని జవాబు వచ్చింది. చేతిరాత టీచర్‌ది. చూశావా? చెప్పింది ఆయనే అయినా రాసింది ఆవిడ. ఆ వాయిదా ఎవరి ఆలోచనో నాకు తెలియదనుకున్నారా? ముప్ఫై ఏళ్ళు క్లాసులో పిల్లల చేత తన మాటలే వల్లె వేయించిన అలవాటు మరి!

ఈస్టరు మర్నాడు నేనే కొట్టాయం నుంచి వకీలుని వెంటబెట్టుకొస్తాను. అంతవరకూ ఆవిడ మీద ఒక కన్ను వేసి ఉంచు. తీపి మాటలకి కరగకు.

శోశామ్మ


కోళిక్కోడ్,
14 ఏప్రిల్

లిల్లీ,

అప్పచ్చన్ అంత్యక్రియల్లో నీతో రెండు మాటలు మాట్లాడలేకపోయాను. చుట్టూ జనం. బేబిచ్చన్ నా చెయ్యి వదల్లేదు. అందరూ మెచ్చుకున్నారు, చూడండి అక్కాతమ్ముళ్ళు కలిసిపోయారని. శవపేటిక పక్కన నిలబడి వాడు నా చెవిలో అన్నదేమిటో తెలుసా? "ఈస్టరు వరకూ ఆగి ఉంటే బాగుండేది పాపం." కొత్త వీలునామా సంగతి వాడికి ముందే తెలుసన్నమాట. కన్నతండ్రి, లిల్లీ! రబ్బరు షీట్ల కొట్టంలో మూల స్టూలు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు నాకు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఇక జాగ్రత్తగా విను. ఒక దారి దొరికింది.

పెళ్ళి చెల్లకపోతే వీలునామా చెల్లుతుంది. పెళ్ళే దాన్ని చంపింది కాబట్టి, ఆ పెళ్ళి లేదంటే అది బతికే ఉన్నట్టు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటనలు చదవాలి. క్రిస్మసు సందడిలో అప్పచ్చన్‌కి రెండే చదివారు, నాకు బాగా గుర్తుంది, తొందరపెట్టిందీ నేనే. దాన్ని పట్టుకుని కోర్టుకెళితే గెలుస్తామని కొట్టాయం వకీలు మాటివ్వలేదు. కానీ శారామ్మ టీచర్ తనంతట తాను వచ్చి, అది పెళ్ళి కాదు, ముసలాయనకి తోడుగా ఇంట్లో ఉండి వండిపెట్టాను, అంతే అని రాసిస్తే బేబిచ్చన్‌కి నిలబడే చోటుండదు అంటున్నాడు. ఇల్లు నీదవుతుంది, మొత్తం.

టీచర్‌కి పింఛను ఉంది, అన్న కొడుకుల ఇల్లుంది. మూడు నెలల కాపురం. ఆవిడ పోగొట్టుకునేదేమీ లేదు. నువ్వు పన్నెండేళ్ళుగా ఆ ఇంటి మనిషివి. బేబిచ్చన్ మూడో వంతు పట్టుకుని తోటలో గీత గీయడానికి తిరుగుతున్నాడు, టీచర్ మూడో వంతు ఆవిడ తర్వాత ఆ అన్న కొడుకులకి పోతుంది. రెండు వైపులా నక్కలే. మొహమాటపడకుండా అడుగు. ఇది నీ హక్కు. ఈ ఒక్కసారికి నా మాట విను.

నీ చేచి,
శోశామ్మ


మణిమల,
3 మే

చేచీ,

మీ ఉత్తరం టీచర్‌కి చదివి వినిపించాను. మొత్తం. "నక్కలే" అన్నది కూడా.

దాచి పెట్టి మాట్లాడడం నాకు చేతకాదని మార్చిలోనే తేలింది. అదీగాక, ఆవిడ చేత ఒక మాట చెప్పించాలంటే ఆ మాట ఏమిటో ఆవిడ వినాలి కదా.

ఆవిడ కర్రపెండలం దుంపలు ఒలుస్తున్నారు. చివరిదాకా ఒలుస్తూనే విన్నారు. "వండిపెట్టాను, అంతే" అన్నచోట కత్తి ఆగింది.

"ఇది శోశామ్మే రాసిందా? ఆదివారం ఆదివారం పేపర్లో రాసే శోశామ్మేనా?"

అవునన్నాను.

"నన్ను పెళ్ళికి ఒప్పించడానికి ఆ అమ్మాయి మా ఇంటికి నాలుగు సార్లు వచ్చింది. వయసైన ఆడది వంటమనిషిగా చావక్కర్లేదు టీచర్, భార్యగా బతకొచ్చు అంది. నాకు ఆ మాట నచ్చే ఒప్పుకున్నాను" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంకో దుంప అందుకుని ఒలవడం మొదలుపెట్టారు.

అప్పుడు నేను అన్నాను, "టీచర్, నేను అడగడం లేదు. వినిపించాను, అంతే. జోయిచ్చాయన్ పోయాక ఈ ఇంట్లో నువ్వెవరు అని నన్ను చాలామంది అడిగారు. ఆ ప్రశ్న ఇంకొకరిని నేను అడగను. అలా వచ్చే ఇల్లు నాకొద్దు."

మీకు ఇంకొకటి తెలియాలి. నోంబు వెళ్ళేదాకా ఆగుదామన్నది అప్పచ్చనే. ఆగొద్దని రోజూ పోరింది టీచర్. ఆ రోజు గుమ్మంలో అంతా విన్నారట. మన ముగ్గురిలో ఒక్కరమైనా తనతో చెప్పలేదని మనసు కష్టపెట్టుకుని, నాతో మాట్లాడడం మానేసి, ఆయనతో మాత్రం రాయండి రాయండి అని తగువాడారు. "నా మాటకి పండగ దాకా ఆయుష్షు లేదా?" అని ఆయన కసిరితే, ఆ జవాబు మీకు రాయక తప్పలేదు. చేతిరాత చూసి మీరు ఇంకేదో అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, మీరు కన్నేసి ఉంచమన్నాక.

పోయినవారం బేబిచ్చాయన్ అమీనాని, సర్వేయరుని తీసుకొచ్చారు. గొలుసు పట్టుకుని కొలుస్తుంటే టీచర్ ఎదురెళ్ళి, "నా వంతు ఎక్కడో నేను చెబుతాను" అన్నారు. వంటిల్లు, బావి, వెనక వసారా, నేను పడుకునే గది. "ముందు హాలు మీరు తీసుకోండి, ఫోటోలు పెట్టుకోవచ్చు" అన్నారు బేబిచ్చాయన్‌తో. ఫాదర్, ఇద్దరు సంఘపెద్దలు సాక్షులుగా అదే రాసుకున్నారు.

మర్నాడు ఆవిడ నాకు చెప్పకుండా బస్సెక్కి కాంజిరపళ్ళి రిజిస్ట్రారు ఆఫీసుకెళ్ళారు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూ చెప్పారు. తన తర్వాత తన వంతు నాకని వీలునామా రాశారట. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా చేచీ? "మళ్ళీ పెళ్ళి చేసుకోరు కదా!"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. అప్పచ్చన్ పోయాక ఈ ఇంట్లో అదే మొదటి నవ్వు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "నేను చేసుకోను. నువ్వు చేసుకోవచ్చు. నీ పెళ్ళి నా కాగితాన్ని ఏమీ చెయ్యలేదు, రెండుసార్లు అడిగి కనుక్కున్నాను. ఏటేటా తీసి చదువుకుందాం, ఏమన్నా మారిందేమో" అన్నారు.

కాబట్టి నాకు తల దాచుకునే చోటుంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడతో, తర్వాత నాది. నా గురించి కోర్టులూ వకీళ్ళూ వద్దు.

మీ ఉత్తరాలన్నీ నిన్న మళ్ళీ చదివాను చేచీ. ఎన్ని పేజీలు, ఎంత ఆవేశం! నా కోసం అంత కోపం తెచ్చుకున్నవాళ్ళు పుట్టింట్లో కూడా లేరు. అది నిజం, దానికి మీకు రుణపడి ఉంటాను. బేబిచ్చాయన్‌కి మూడో వంతు రావడం అన్యాయమని మీరన్నారు. టీచర్ మూడో వంతు వదులుకోవాలి అన్నారు. భాగాలు మూడు అని ఫిబ్రవరిలో మీరే లెక్క రాశారు. పైన పడకగది, తూర్పు వైపు తోట మీ వంతుకి వచ్చాయి. సర్వేయరు రాళ్ళు పాతాడు. తాళంచెవి ఎవరికివ్వాలని ఫాదర్ అడిగితే, మీకు రాసి కనుక్కుంటానని చెప్పాను.

ఆ వంతు గురించి మీరు ఏ ఉత్తరంలోనూ ఒక్క మాట రాయలేదు.

నేను అడగడం లేదు. తాళంచెవి పోస్టులో పంపమంటారా, మీరే వచ్చి తీసుకుంటారా అన్నది మాత్రం రాయండి.

లిల్లిక్కుట్టి